కోపమే అనుకున్నారు

వరద తగ్గి రెండు మూడు నెలలైనా మా ఇంట్లో అందరి ఫిర్యాదూ నా కోపం మీదే. తమ్ముడు గ్లాసు గట్టిగా కింద పెడితే అరిచేదాన్ని. ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆపేసి గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. "చేతికి ఫోన్ వచ్చాక ఇంతే అక్కా, మాట వినడం లేదు" అని అమ్మ పెద్దమ్మతో చెప్పుకునేది.

2020 అక్టోబరు 13 నాటి వాన హైదరాబాద్‌లో ఎవరికైనా గుర్తే. అప్పుడు నాది తొమ్మిదో తరగతి. సరూర్‌నగర్ చెరువు దిగువన గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్లం. నీళ్లు నడుం దాకా వచ్చేసరికి నాన్న తమ్ముణ్ణి భుజానికెత్తుకుని, మమ్మల్ని పై పోర్షన్ వాళ్లింటికి చేర్చాడు. కరెంటు లేదు. కింద మా ఫ్రిజ్ తేలుతూ గోడకు కొట్టుకుంటున్న చప్పుడు తెల్లవార్లూ వినబడింది. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. బతికి బయటపడ్డాం కదా, ఇంకేం కావాలన్నారు అందరూ.

ఆరేళ్ల తమ్ముడు మాత్రం రోజూ బొమ్మల్ని బకెట్లో ముంచి తేల్చేవాడు, అదే ఆట మళ్లీ మళ్లీ. పిల్లాడు జడుసుకున్నాడని అమ్మమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టింది. చిన్నపిల్లల్లో భయం ఇలా ఆటలో కనబడుతుందట. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, వాడికీ తగ్గింది. నాకు తగ్గలేదు. పైన ట్యాంకు నిండి నీళ్లు కారడం మొదలవగానే గుండె దడదడలాడేది, మోటరు ఆపమని కేకలు పెట్టేదాన్ని. వాళ్లకు వినబడిన కోపం అదే. గుమ్మం కింద పాత దుప్పట్లు కుక్కితే గానీ పడుకునేదాన్ని కాదు, నడి వేసవిలో కూడా. పదో తరగతి పరీక్షల దాకా బతికి ఉంటానన్న నమ్మకమే ఉండేది కాదు.

వీటన్నిటికంటే నన్ను తినేసింది చీమలు. ఆ రోజు పొద్దున చీమలు గుడ్లు మోసుకుంటూ వంటింటి గోడ ఎక్కడం చూశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ముందే సామాను సర్దుకునేవాళ్లం, అమ్మ పెళ్లి ఫోటోలైనా మిగిలేవి అని రాత్రంతా అదే ఆలోచన. 1976లో అమెరికాలోని చౌచిల్లాలో 26 మంది పిల్లలున్న స్కూలు బస్సును దుండగులు ఎత్తుకుపోయారు. ప్రాణాలతో బయటపడిన ఆ పిల్లల్ని లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు ఏళ్లపాటు గమనించారు. వాళ్లూ ఇలాగే వెనక్కి వెళ్లి శకునాలు వెతుక్కున్నారట. ఇది చాలా తర్వాత తెలిసింది.

క్లాస్ టీచర్ ఫోన్ చేసి చెబితే గానీ ఇంట్లో కదలిక రాలేదు. డాక్టరు అనగానే అమ్మమ్మ "ఎర్రగడ్డ మెంటల్ ఆసుపత్రికా?" అని ఏడుపు మొదలుపెట్టింది. మలక్‌పేటలో పిల్లల సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాం. లక్షణాలు నెల దాటినా పోకుండా చదువునీ నిద్రనీ పాడుచేస్తుంటే దాన్ని పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయం, అంటారని, ఈ వయసులో ముందు మందులు కాదు, మాటలతోనే చికిత్స అని ఆవిడ చెప్పారు. మామూలుగా 12 నుంచి 16 సెషన్లు పడుతుందన్నారు. నాకు అంతకంటే ఎక్కువే పట్టింది.

ఆ రాత్రిని నోటుబుక్కులో రాయమన్నారు. మొదట కరెంటు పోయిందన్న దగ్గరే పెన్ను ఆగిపోయేది. వారం వారం ఇంకాస్త ముందుకు రాసి, పైకి చదివేదాన్ని. మధ్యలో ఊపిరి బిగబడితే ఆగి, నెమ్మదిగా వదిలి, మళ్లీ చదవాలి. ట్యాంకు చప్పుడు ఫోన్లో రికార్డు చేసి చిన్న సౌండుతో వినడం దగ్గర మొదలై, చివరికి మోటరు నా చేత్తోనే వేసి ట్యాంకు నిండేదాకా నిలబడటం దాకా వచ్చాను. రాసిందంతా ఒకరోజు అమ్మను కూర్చోబెట్టి చదివించారు. చీమల దగ్గరికి రాగానే అమ్మ ఆపేసింది. "ఏ వానాకాలం చీమలు గోడలెక్కవే పిచ్చిదానా?" అంది. ఎందుకో నాకు నవ్వాగలేదు. ఆ తర్వాత చీమల కోసం గోడలు వెతకడం మానేశాను.

2022 అక్టోబరులో టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. మాకు అవసరం పడినప్పుడు అది లేదు.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మూడో అంతస్తులో ఉంటున్నాం. అక్టోబరులో ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టదు, పట్టకపోతే లేచి చదువుకుంటాను. వాన గట్టిపడితే మాత్రం నాన్న కిందికి దిగి రోడ్డు మీద నీళ్లెంత ఉన్నాయో చూసి వస్తాడు, ఒక్కోసారి రెండు మూడు సార్లు. ఆయన్ని ఏ డాక్టరు దగ్గరికీ ఎవరూ తీసుకెళ్లలేదు మరి.