చిగుళ్ల జబ్బు, డీప్ క్లీనింగ్, ఫ్లాప్ సర్జరీ: నా అనుభవం

నిన్న కుట్లు విప్పారు. కింది దవడ కుడివైపు ఇంకా కొంచెం బిగుతుగా ఉంది కానీ నొప్పి లేదు. డీప్ క్లీనింగ్ నుంచి, చిగురు తెరిచి లోపల శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ దాకా అన్నీ దాటి వచ్చాను కాబట్టి, మర్చిపోకముందే రాస్తున్నాను.

మొదలు చాలామందికి ఉండేదే. బ్రష్ చేస్తే రక్తం, పొద్దున లేవగానే నోటి వాసన, వెనక పళ్ల దగ్గర చిగురు ఉబ్బినట్టు ఉండటం. నొప్పి మాత్రం లేదు. ఈ జబ్బుతో చిక్కే అది. పుచ్చు పన్నయితే రాత్రి నిద్ర పోనివ్వదు. ఇది పంటి చుట్టూ ఉన్న ఎముకను కరిగించేస్తున్నా మనకు తెలియదు.

నేను ఏళ్లుగా వెళ్తున్న క్లినిక్‌లో ప్రతిసారీ పైన కనిపించే గార తీసి, పాలిష్ చేసి, పేస్టు మార్చమని చెప్పి పంపేవారు. రక్తం వస్తోందని చెబితే మౌత్‌వాష్ రాసిచ్చారు. చిగురు కింద ఎంత లోతు ఉందో ఒక్కసారి కూడా కొలవలేదు. ఆ కొలతకు పట్టేది కొన్ని నిమిషాలే. చిగుళ్ల వాపు దశలోనే పట్టుకుంటే జబ్బు పూర్తిగా వెనక్కి మళ్లుతుంది, ఎముక కరగడం మొదలయ్యాక పోయింది మామూలుగా తిరిగి రాదు. ఆ నిర్లక్ష్యాన్ని నేను క్షమించలేను.

తర్వాత చూపించుకున్న ఇంకో చోట నోరు తెరవగానే "మొత్తం లేజర్‌తో సర్జరీ చేసేద్దాం" అన్నారు. కొలత లేదు, ఎక్స్‌రే లేదు. అక్కడి నుంచి వచ్చేశాను.

చివరికి చిగుళ్ల స్పెషలిస్టు, అంటే పెరియోడాంటిస్ట్ దగ్గరికి వెళ్లాను. అసలు పరీక్ష అక్కడే జరిగింది. నన్ను బాగా బాధపెట్టిందీ అక్కడే. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి ప్రోబ్‌ను పంటికీ చిగురుకీ మధ్య సందులోకి దించి, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలుస్తారు. డాక్టర్ అంకెలు చెబుతుంటే అసిస్టెంట్ చార్టులో ఎక్కిస్తుంది. 3 వరకూ మామూలే. 4 నుంచి జాగ్రత్త పడాలి. 6, 7 అంటే బ్రష్షూ ఫ్లాసూ ఏదీ అందని లోతు. దాన్నే పాకెట్ అంటారు.

నా కుర్చీకీ బయట కూర్చున్నవాళ్లకీ మధ్య సగం ఎత్తు అడ్డుగోడ మాత్రమే ఉంది. ముందు పళ్ల దగ్గర మూడు, రెండు, మూడు అంటూ బాగానే సాగింది. వెనక్కి వెళ్లేకొద్దీ ఐదు, నాలుగు, ఆరు, రక్తం. ఆరు, ఐదు, ఏడు, రక్తం, చీము. ప్రతి మాటా గట్టిగానే. ఎక్స్‌రే ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డ జూనియర్ డాక్టర్ అదే గొంతుతో "రోజూ బ్రష్ చేసుకుంటారా అండీ?" అని అడిగాడు. బయట మాటలు ఆగిపోయాయి. రెండు పూటలా చేస్తాను. నోట్లో సక్షన్ గొట్టం పెట్టి ఉంటే ఆ మాట ఎలా చెప్పను? కళ్లు మూసుకుని మిగతా అంకెలన్నీ విన్నాను. ఒళ్లంతా చెమట పట్టింది. ఆ తర్వాత పడిన ఇంజెక్షన్లు గానీ, కత్తి గానీ నన్ను అంత బాధపెట్టలేదు.

చిగుళ్ల జబ్బు అనగానే మనిషి శుభ్రత మీద తీర్పు చెప్పేవాళ్లందరికీ ఒక మాట. పాచిలో ఉండే బాక్టీరియాతో ఇది మొదలవుతుంది, నిజమే. కానీ ఎముక ఎంత వేగంగా పోతుందన్నది ఒంటి స్పందన మీద, వంశపారంపర్యం మీద, పొగ తాగే అలవాటు మీద, షుగర్ అదుపు మీద ఆధారపడి ఉంటుంది. 2018లో వచ్చిన ఈ జబ్బు వర్గీకరణలో స్టేజ్ 1 నుంచి 4 వరకూ తీవ్రతను చెబితే, ఎ, బి, సి గ్రేడులు వేగాన్ని చెబుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7 శాతం, ఆపైన ఉంటే నేరుగా గ్రేడ్ సి కిందికి వస్తారు. పొగ తాగేవాళ్లకు చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది, అందుకే వాళ్లలో జబ్బు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. నాది స్టేజ్ 3, గ్రేడ్ బి. రెండు పూటలా బ్రష్ చేసే మనిషికే వచ్చింది.

కుర్చీ దిగాక ఆ జూనియర్‌తో నెమ్మదిగానే అన్నాను: "ఈ ప్రశ్న తలుపు వేసి అడగాల్సింది బాబూ." తల దించుకున్నాడు. పెద్ద డాక్టర్ సారీ చెప్పి లోపలి గదిలో కూర్చోబెట్టి అన్నీ వివరించారు. చార్టు కాపీ అడిగితే రిసెప్షన్‌లో "అది పేషెంట్లకు ఇవ్వమండీ" అన్నారు. ఇచ్చేదాకా కదల్లేదు. నాకు ఇందులో చాలా పనికొచ్చింది ఆ కాగితమే.

డీప్ క్లీనింగ్‌ని స్కేలింగ్, రూట్ ప్లానింగ్ అంటారు. మత్తు ఇచ్చి, చిగురు కింద వేరు మీద పేరుకున్న గారను అల్ట్రాసోనిక్ పరికరంతోనూ చేతి పనిముట్లతోనూ గీకి తీస్తారు. నోటిని భాగాలుగా చేశారు. నొప్పి భరించగలిగేదే.

టెన్షన్ పెట్టింది ఆ తర్వాతి రోజులు. వాపు దిగి చిగురు కిందికి జారింది, పళ్లు పొడుగ్గా కనిపించాయి, మధ్యలో సందులు వచ్చాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది. ఇంట్లోవాళ్లు "క్లీనింగ్ చేయించుకుంటే పళ్లు వదులవుతాయని ముందే చెప్పాం కదా" అన్నారు. ఈ మాట నమ్మే ఎంతోమంది పళ్లు పోగొట్టుకుంటున్నారు. ఆ సందులు జబ్బు చేసినవే. ఇన్నాళ్లూ గారా వాపూ వాటిని కప్పి ఉంచాయంతే. జివ్వుమనడం కొన్ని వారాల్లో తగ్గింది. సందుల్లోకి ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడమన్నారు. సందు సైజును బట్టి బ్రష్ సైజు మారుతుంది, డాక్టర్ చేతే ఎంచించుకోండి. ఊరికే యాంటీబయాటిక్స్ మింగితే గార కదలదు, అది కూడా గుర్తుంచుకోండి.

దాదాపు మూడు నెలలకు మళ్లీ కొలిచారు. ఈసారి తలుపు వేసి. ఐదులు చాలావరకు మూడు, నాలుగుకు దిగాయి, రక్తం బాగా తగ్గింది. పాత చార్టు పక్కన పెట్టుకుని ప్రతి అంకే నేనే సరిచూశాను, డాక్టర్ కూడా మెచ్చుకున్నారు. కింది దవడలో ఒక్క దగ్గర మాత్రం 7 అలాగే ఉంది, రక్తం కూడా వస్తోంది. ఎక్స్‌రేలో ఆ దంతం వెనక ఎముక నిలువుగా కోసుకుపోయింది. సర్జరీ అక్కడికే పరిమితం అన్నారు. మొదటి రోజే నోరంతా కోద్దామన్నవాళ్ల మాట వింటే ఏమయ్యేదో ఆలోచించండి.

సర్జరీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మత్తు, చిగురు తెరిచి వేరును కళ్లారా చూస్తూ శుభ్రం చేయడం, ఎముక పొడి నింపి పైన పొరలాంటి మెంబ్రేన్ వేయడం, కుట్లు. సాయంత్రం బుగ్గ వాచింది, ఐస్ ప్యాక్ పెట్టుకుంటే సరిపోయింది. కోసిన చోట బ్రష్ పెట్టొద్దన్నారు, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిముల్ని చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలించాను. దాంతో నాలుక రుచి మారుతుంది, పళ్లకు గోధుమరంగు మరక పడుతుంది. ఆ మరకను పాలిష్‌తో తీసేస్తారు, భయపడక్కర్లేదు. పేస్టుతో బ్రష్ చేసిన వెంటనే దాన్ని వాడితే దాని పని తగ్గుతుంది, కనీసం అరగంట ఆగాలి.

ఇక మూడు నెలలకోసారి మెయింటెనెన్స్‌కి వెళ్లాలి. ఎముక పొడి పెట్టిన చోట ఆరు నెలల దాకా ప్రోబ్ దించరట, కాబట్టి ఆ 7 ఎంతకు దిగిందో అప్పటిదాకా తెలియదు. మిగతా పళ్ల అంకెలు మాత్రం వచ్చేసారి చార్టు కాపీతో సహా తీసుకునే వస్తాను.