ముఖం కనిపిస్తేనే మాట అర్థమయ్యేది

స్ట్రోక్ వచ్చాక నా చెవులకేమీ కాలేదు. గొంతు విని మనిషిని గుర్తుపట్టేదాన్ని, కోప్పడుతున్నారో ఊరడిస్తున్నారో తెలిసేది. మాటలు మాత్రం అర్థమయ్యేవి కావు. మెదడు ఎడమవైపు, చెవికి కాస్త పైన, వెనకగా ఉండే భాగం దెబ్బతిందని, దీన్ని అఫేసియా అంటారని డాక్టరు చెప్పారట. జర్మన్ వైద్యుడు వెర్నికె 1874లోనే వివరించిన రకం. ఇదంతా నాకు అర్థమైంది చాలా తర్వాత.

మా అమ్మాయి గ్లాసు పట్టుకొచ్చి "నీళ్లు తాగుతావా అమ్మా?" అంటే తెలిసేది. అదే మాట పక్కగదిలోంచి అడిగితే వట్టి శబ్దం. ఫోన్ అంటే భయం పట్టుకుంది. మోగితే చాలు, టెన్షన్.

స్పీచ్ థెరపిస్టు నా ముందు బొమ్మలు పరిచి, ఒక్కో మాట అని, దాని బొమ్మ చూపించమనేవారు. ఒకసారి ముఖం కనిపించేలా, ఒకసారి నోటికి కాగితం అడ్డం పెట్టి. 'పిల్లి', 'తల్లి' విడివిడిగా తెలియాలంటే నాకు ఆవిడ పెదవులు కనబడాల్సిందే. 'పాట', 'బాట', 'మాట' దగ్గర అదీ పనిచేయలేదు, మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి మరి. అక్కడ మిగతా వాక్యాన్ని పట్టుకోవడం నేర్పారు.

ఇలా కళ్ల మీద ఆధారపడటం రోగం తెచ్చిన అవిటితనమే అనుకుని కుమిలిపోతుంటే ఆవిడే ఒక ప్రయోగం గురించి చెప్పారు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 'గ' అంటున్న ముఖానికి 'బ' శబ్దం జోడించి చూపిస్తే, ఏ జబ్బూ లేనివాళ్లలోనే చాలామందికి 'ద' అని వినిపించిందట. ఎదురుగా వస్తువులుంటే, వాటి పేరు చెవిన పూర్తిగా పడకముందే చూపు అటు మళ్లడానికి సిద్ధమవుతుందని 1995లో టానెన్‌హాస్ అనే పరిశోధకుడి బృందం చూపించిందట. అంటే వినేటప్పుడు అందరూ చూస్తూనే వింటారు! ఆ రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

చదవడం కూడా పోయింది, అది నిదానంగా తిరిగొచ్చింది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఇబ్బంది లేదు. నలుగురూ ఒకేసారి మాట్లాడితే అలసిపోతాను.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే దయచేసి గట్టిగా అరవకండి, వాళ్లకి చెవుడు లేదు. వెలుతురులో ఎదురుగా కూర్చోండి, చెప్పే వస్తువు చూపించండి, ఒక్కసారికి ఒక్క మాటే చెప్పండి. నాకు ఫోన్‌లో పేర్లు, అంకెలు ఇంకా జారిపోతాయి. అవి మెసేజ్ పెట్టమని అడుగుతాను, అందరూ పెడుతున్నారు.