రోజాలో ఇన్‌హేలర్: ఇల్లత్ ఎక్కడుంది?

ఆస్తమా ఇన్‌హేలర్ వాడితే రోజా (ఉపవాసం) భంగమవుతుందా? "అల్లాహ్ మీకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు, ఇబ్బందిని కోరడు" (అల్ బఖరా 2:185). రంజాన్‌లో తరచూ వినిపించే ఆయతు ఇది. అలాగని కష్టమనిపించినదల్లా మాఫీ అనేస్తే అది ఇజ్తిహాద్ (ఆధారాల నుంచి తీర్పు తేల్చే శ్రమ) కాదు. అదే ఆయతు రాయితీని రోగికి, ప్రయాణికుడికి ఇచ్చింది. ఏసీ బోగీలో హాయిగా వెళ్లే ముసాఫిర్‌కూ అది వర్తిస్తుంది. ఎందుకంటే ఆ హుకుంకు ఇల్లత్ (తీర్పుకు ఆధారమైన కారణం) ప్రయాణమే, అలసట కాదు. అలసట మనిషికో తీరు, దాన్ని కొలవలేం.

ఖియాస్ (తెలిసిన తీర్పుతో పోల్చి కొత్తదాన్ని తేల్చడం) దారిని దైవప్రవక్త (స) స్వయంగా చూపారు. రోజాలో ముద్దు పెట్టుకున్నానని హజ్రత్ ఉమర్ (రజి) కలవరపడితే, "నీళ్లు పుక్కిలిస్తే ఏమవుతుంది?" అని అడిగారు (అబూ దావూద్). పుక్కిలించడం తాగడానికి ముందు మెట్టే తప్ప తాగడం కాదు. ముద్దూ అంతే.

1997లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ కంటి చుక్కలు, పోషకాలు లేని ఇంజెక్షన్లు రోజాను భంగపరచవని తీర్మానించింది. నాలుక కింద పెట్టే గుండెనొప్పి మాత్ర కూడా, కరిగింది మింగకపోతే, అంతే. ఆస్తమా ఇన్‌హేలర్‌పై మాత్రం తీర్పు వాయిదా వేసింది. తేలని చోట ఆగడమూ ముజ్తహిద్ (ఇజ్తిహాద్ చేసే పండితుడు) పనే.

మందు వెళ్లేది ఊపిరితిత్తులకు, అది తిండీ కాదు, నీరూ కాదు, కాబట్టి రోజా ఉంటుందన్నారు సౌదీ పండితుడు షేక్ ఇబ్న్ ఉసైమీన్. పుక్కిలించాక నోట్లో మిగిలే తడితో పోల్చినవారూ ఉన్నారు. మన వైపు హనఫీ మజ్హబ్ (ఫిఖ్ శాఖ) ముఫ్తీలు ఎక్కువమంది ఒప్పుకోరు. ఆ తడి తప్పించుకోలేనిది, ఇన్‌హేలర్ కావాలని గొంతులోకి పంపేది అంటారు. వారి లెక్కలో చూడాల్సింది పోషణ కాదు, సహజ మార్గం గుండా ఏదైనా లోపలికి చేరిందా అన్నది. అందుకే గ్లూకోజ్ డ్రిప్ దగ్గర తీర్పులు తారుమారవుతాయి. పోషక ద్రవాలకు జిద్దా అకాడమీ ఆ వెసులుబాటు ఇవ్వలేదు, నరం సహజ మార్గం కాదు గనుక హనఫీలు రోజా నిలుస్తుందంటారు. ఇన్‌హేలర్‌కు ఒకరిని, డ్రిప్‌కు మరొకరిని ఎంచుకుంటే అది వెసులుబాటు వేట.

ముఫ్తీని అడిగేటప్పుడు పరికరం పనితీరు చెప్పాలి: అది వాయువా, పొడి మందా, ఎంత గొంతులోనే ఆగిపోతుంది? ప్రశ్నలో ఇది లేకపోతే ఫత్వా వేరే వస్తువు మీద పడుతుంది.

ఆయాసం ముంచుకొస్తే మాత్రం ఇన్‌హేలర్ వాడాల్సిందే. హనఫీ మజ్హబ్ ప్రకారం ఆ రోజాకు తర్వాత ఖజా చేయాలి (బదులుగా మరో రోజు ఉండాలి). నయమయ్యే ఆశ లేని రోగి ఒక్కో రోజాకు ఫిద్యాగా (పరిహారంగా) సుమారు 1.6 కిలోల గోధుమలు లేదా వాటి ధర పేదకు ఇస్తారు.