విశాఖ నీళ్లలో మూడు మీటర్ల చూపు

స్కూబా డైవింగ్ అనగానే మనలో చాలామంది అండమాన్‌కో లక్షద్వీప్‌కో టికెట్లు వెతుకుతారు. నేనూ ఆ విద్యను అండమాన్‌లోనే నేర్చుకున్నాను. అక్కడి తేటనీటికి అలవాటుపడిన కళ్లతో రుషికొండ దగ్గర తొలిసారి దిగినప్పుడు, మూడు మీటర్ల అవతల ఆకుపచ్చని మసక తప్ప ఏమీ కనిపించక, పెట్టిన ఖర్చు గంగపాలైందనే అనుకున్నాను.

ఆ మసకకు కారణం తరువాత చదివి తెలుసుకున్నాను. వానలకు కొట్టుకొచ్చే మట్టి ఒకటైతే, తీరానికి సమాంతరంగా నైరుతి నుంచి వీచే గాలులు పైనీటిని తీరం నుంచి సముద్రం లోపలికి నెట్టినప్పుడు అడుగునున్న చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి ఉబికి రావడం మరొకటి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ ఉబుకును గురించి రాశారు. ఆ పోషకాలతో ప్లాంక్టన్, అంటే నీటిలో తేలాడే సూక్ష్మజీవుల రాశి, పెరుగుతుంది, దాంతోపాటే చేపలూ పెరుగుతాయి. అంటే నేను విసుక్కున్న ఆ మసక ఒక రకంగా అక్కడి ప్రాణులకు వడ్డించిన విస్తరే.

దూరం కనిపించని చోట దగ్గరగా చూడక తప్పదు. తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే ఈ తీరంలో నీటి అడుగున కూడా బండలే ఎక్కువ. వాటి సందుల్లోనే అసలు జీవితమంతా నడుస్తుంది. పది మీటర్ల లోతులో గోధుమరంగు ఆకుల గుత్తిలా కనిపించినదాని మీద టార్చి వేయగానే ఎర్రని చారలు భగ్గుమన్నాయి: అది లయన్ ఫిష్. సూర్యకాంతిలోని ఎరుపును నీరు అన్నిటికంటే ముందు మింగేస్తుంది కనుక, ఆ లోతులో దీపం లేకుండా దాని అసలు రంగు తెలియదు. దాని విషపు ముళ్లకు చేయి దూరంగా ఉంచి చూస్తే, అంత తీరికగా కదిలే వేటగాడు మరొకడు ఉండడనిపిస్తుంది. పక్క సందులోంచి మోరే ఈల్ అనే పాములాంటి చేప ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ తొంగిచూసింది. కరవడానికి కాదు, మొప్పల మీదుగా నీటిని పంపి ఊపిరి తీసుకోవడానికే అలా చేస్తుందట. అయినా నేను వెనక్కే జరిగాను.

నాకు అన్నిటికంటే నచ్చినది గోరంత కూడా లేని న్యూడిబ్రాంక్, అంటే గుల్ల లేని సముద్రపు నత్త. వీటిలో కొన్ని జాతులు కుట్టే జీవులను తిని, వాటి విషకణాలను పేలనివ్వకుండా తమ వీపు మీది కొమ్ముల్లో దాచుకొని, శత్రువు మీద ప్రయోగిస్తాయి. ఇరవై నిమిషాలు దాని ఎదుటే గడిపి, ట్యాంకులో గాలి తగ్గిందని గైడు సైగ చేసేదాకా కదలలేదు.

మరుసటి ఏడాది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి తీరానికి వెళ్లాను. అక్కడ మునిగిన ఓడ ఒకటి ఉంది. తుప్పుపట్టిన ఇనుమును పట్టుకొని నత్తగుల్లలు, వాటి చుట్టూ చేపల గుంపులు, అన్నిటి మీదా చిక్కుకున్న పాత నైలాను వల. చేపలు అందులో పడి చావకుండా, చేతనైనంత మేర కోసి పైకి తెచ్చాము. పడవ నడిపిన జాలరి ఆ ముక్కను వేళ్లతో తడిమి, "మావోళ్ల వల కాదు బాబూ, ఈ కుట్టు వేరు" అన్నాడు.