టీనేజ్ పిల్లల దవడ నొప్పి: కారణాలు వెతకడంలో నా అనుభవం

పదో తరగతి, ఇంటర్ పిల్లల్ని దవడ నొప్పికి నా దగ్గరికి తీసుకొచ్చేసరికి చాలామంది అప్పటికే చెవి డాక్టరును చూసి వచ్చి ఉంటారు. చుక్కల మందు వేశారు, చెవి బాగానే ఉందన్నారు, నొప్పి మాత్రం పోలేదు. ఇందులో వింతేమీ లేదు. దవడ కీలు చెవి రంధ్రానికి సరిగ్గా ముందుంటుంది. కీలుకు వెళ్ళే నరం కొమ్మే చెవి దగ్గరి చర్మానికీ వెళ్తుంది కాబట్టి ఒకచోటి నొప్పి ఇంకోచోట తెలుస్తుంది. 1934లో ఈ లక్షణాలన్నిటినీ ఒకచోట చేర్చి రాసిన జేమ్స్ కాస్టెన్ కూడా చెవి, ముక్కు, గొంతు వైద్యుడే. ఆయన కారణాన్ని వెనక పళ్ళు పోవడం మీద పెట్టాడు. పై పళ్ళు, కింది పళ్ళు కలిసే తీరులోనే లోపం ఉందన్న ఆలోచన ఆ తర్వాత దంతవైద్యాన్ని చాలాకాలం పట్టుకునే ఉంది. టీనేజ్ పిల్లల్లో దాన్ని చివరగా చూడాలి. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇవి స్వీడన్‌లోని దంత ఆసుపత్రులు వాడుతున్నవే. కణతల్లో, ముఖంలో, దవడలో వారానికి ఒకసారైనా నొప్పి వస్తుందా? నోరు తెరిచినా, నమిలినా వారానికి ఒకసారైనా నొప్పి ఉంటుందా? వారానికి ఒకసారైనా దవడ పట్టేస్తుందా? జవాబు పిల్లలే చెప్పాలి. "వాడికి రాత్రిళ్ళు నొప్పండీ" అని అమ్మ మొదలుపెడితే, "ఒక్క నిమిషం అమ్మా, బాబునే చెప్పనివ్వండి" అంటాను. ఏ వైపు, పొద్దున లేవగానేనా, సాయంత్రం చదువు అయ్యాకనా అన్నది వాళ్ళకే తెలుసు. పొద్దున్నే ఎక్కువుంటే నిద్రలో పళ్ళు కొరకడం గుర్తుకొస్తుంది. సాయంత్రానికి పెరిగితే మెలకువలో పళ్ళు బిగబట్టే అలవాటు ఉందేమో చూడాలి.

తర్వాత స్కేలు. పై ముందుపన్ను అంచు నుంచి కింది పన్ను అంచు దాకా కొలిచి, పై పళ్ళు కింది పళ్ళను ఎంత కప్పుతున్నాయో అది కూడా కలుపుతాను. మొత్తం 40 మి.మీ. దాటితే నోరు బాగానే తెరుచుకుంటున్నట్టు. నొప్పి లేకుండా ఎంత, ఓర్చుకుని ఎంత, నేను వేళ్ళతో మెల్లగా తెరిపిస్తే ఎంత అని మూడుసార్లు కొలవాలి. నా వేళ్ళకు లొంగి ఇంకాస్త సాగితే బిగుసుకున్నది కండరం అనుకోవచ్చు. గోడ తగిలినట్టు ఆగిపోతే కీలు లోపలి మెత్త ముందుకు జారి అడ్డుపడి ఉండవచ్చు. అలాంటప్పుడు గడ్డం కూడా పట్టేసిన వైపుకే వాలుతుంది.

కండరాల్ని నొక్కే చోట చాలామంది పొరపడతారు. చెక్కిలి కండరం మీద, కణత మీద కిలో బరువు ఒత్తిడి చాలు, కీలు మీద అరకిలో. వంటింటి త్రాసు మీద వేలు పెట్టి సాధన చేస్తే ఆ ఒత్తిడి ఎంతో చేతికి తెలుస్తుంది. అంతకంటే గట్టిగా నొక్కితే ఎవరికైనా నొప్పే. "నొప్పిగా ఉందా?" అని మాత్రమే అడిగితే లాభం లేదు. "నీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా తల్లీ?" అని అడగాలి. 2014లో వచ్చిన అంతర్జాతీయ నిర్ధారణ పద్ధతికి ఈ ప్రశ్నే ఆయువుపట్టు.

టక్‌మనే శబ్దం గురించి ఇళ్ళలో భయం ఎక్కువ. "దవడ జారిందా డాక్టరు గారూ?" అని అడుగుతారు. నోరు తెరిచేటప్పుడు మెత్త తన చోటికి వచ్చే చప్పుడు అది. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ ఉంటే దానికి వైద్యమూ అక్కర్లేదు, ఎమ్మారై కూడా అక్కర్లేదు. చప్పుడు పోయి, అదే సమయంలో నోరు తెరుచుకోవడం తగ్గితే మాత్రం ఆలస్యం చేయకూడదు. అది దవడ పట్టేసిన గుర్తు. కొత్తగా పట్టేసినప్పుడే చేత్తో సర్దడానికి వీలు ఎక్కువ.

కీలు జబ్బులా కనిపించే వేరే జబ్బులు కొన్ని ఉన్నాయి. మన దగ్గర మొదట చూడాల్సింది వక్కపొడి, గుట్కా. నోరు ఏ నొప్పీ లేకుండా నెలల తరబడి మెల్లగా మూసుకుపోతుంటే, కారం తగలగానే మండుతుంటే, బుగ్గ లోపల తెల్లబడి వేలికి తాడులా తగులుతుంటే అది కీలు జబ్బు కాదు. వక్క వల్ల నోటి పొరలు గట్టిపడుతున్నాయి, క్యాన్సర్‌గా మారే ప్రమాదమూ ఉంది. ఈ ప్రశ్న పిల్లల్ని తల్లిదండ్రుల ముందు అడిగితే నిజం రాదు. అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోమంటాను. జ్వరంతో చెవి కింద వాపు ఉంటే గవదబిళ్ళలు, పదిహేడేళ్ళు దాటినవాళ్ళలో వెనక చిగురు వాపు ఉంటే జ్ఞానదంతం గుర్తుకు రావాలి. ఈమధ్య గాయమై దవడ బిగుసుకుంటుంటే ధనుర్వాతం అనుమానించి వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

గడ్డం మీద పడిన దెబ్బను తేలిగ్గా తీసుకోవద్దు. గడ్డానికి కుట్లు వేసి పంపేస్తారు, చెవి ముందు విరిగిన ఎముకను చూడరు. ఎదిగే వయసులో అది కీలు అతుక్కుపోవడానికి, ముఖం ఒకవైపు ఎదగకపోవడానికి దారితీయవచ్చు. ఇక్కడ ఎక్స్‌రే తప్పనిసరి. పదహారేళ్ళ లోపు మొదలయ్యే పిల్లల కీళ్ళవాతం కూడా దవడ కీలును పెద్దగా నొప్పి లేకుండానే తినేయగలదు. పొద్దున బిగుసుకుపోవడం, గడ్డం ఒకవైపు తిరగడం, ముందు పళ్ళ మధ్య కొత్తగా సందు రావడం కనిపిస్తే ఎమ్మారై తీయించి కీళ్ళ వైద్యుడి దగ్గరికి పంపుతాను.

ఇవన్నీ కాదని తేలాక మిగిలేదే ఎక్కువమంది పిల్లల సమస్య. దానికి ఒకే కారణం దొరకదు. యుక్తవయసు దాటాక ఆడపిల్లల్లో ఈ నొప్పి మగపిల్లల కంటే ఎక్కువ కనిపిస్తుంది. హార్మోన్ల పాత్ర అందులో ఒక భాగం మాత్రమే. నిద్ర తక్కువ, ఆందోళన, తలనొప్పి, ఒంట్లో ఇంకోచోట నొప్పులు ఉన్నవాళ్ళకు దవడ నొప్పి కూడా వచ్చే అవకాశం ఎక్కువ. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), నీట్ చదువుల్లో ఉన్న హాస్టల్ పిల్లలకు ఎన్ని గంటలకు పడుకుంటున్నారో తప్పకుండా అడగాలి. ఏకాగ్రత కోసం, కుంగుబాటు కోసం వాడే కొన్ని మందులతో పళ్ళు బిగబట్టడం పెరగవచ్చు. అలాగని వాటిని సొంతంగా ఆపకూడదు, రాసిచ్చిన డాక్టరుతోనే మాట్లాడాలి. బొటనవేలు వంచితే ముంజేతిని తాకడం, మోచేయి వెనక్కి వంగడం వంటివి చూసే తొమ్మిది మార్కుల పరీక్ష ఒకటుంది. యుక్తవయసు దాటినవాళ్ళకు 5, అంతకు చిన్నవాళ్ళకు 6 వస్తే కీళ్ళు వదులు అన్నమాట. అలాంటి పిల్లలు ఆవలించేటప్పుడు పిడికిలి గడ్డం కింద ఆనించి పెట్టుకోవాలి.

క్లిప్పుల వల్లే వచ్చిందని కొందరు, క్లిప్పులు వేస్తే పోతుందని ఇంకొందరు అంటారు. 1987లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక కోర్టు తీర్పు దవడ జబ్బును పళ్ళ క్లిప్పుల వైద్యమే తెచ్చిందన్న నింద వేసింది. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు క్లిప్పులు జబ్బును తేవు, తగ్గించవు అన్నవైపే తేల్చాయి. కడుపులో నులిపురుగులుంటే రాత్రి పళ్ళు కొరుకుతారన్న మాట కూడా ఇళ్ళలో వింటాం. పురుగుల మాత్ర వేయించండి, మంచిదే. దవడ నొప్పి దానివల్ల పోతుందని మాత్రం ఎదురుచూడొద్దు.

నా గదిలో అన్నిటికంటే ఉపయోగపడే పరీక్షకు పరికరమే అక్కర్లేదు. బిడ్డ చేతికి ఫోనిచ్చి ఏదైనా చదవమంటాను. కాసేపయ్యాక, "కదలకు నాన్నా, ఇప్పుడు నీ పళ్ళు ఎక్కడున్నాయి?" అని అడుగుతాను. పళ్ళు ఒకదానిమీద ఒకటి ఆని, చెక్కిలి కండరం గట్టిపడి కనిపిస్తుంది. నాలుక అంచుల మీద పళ్ళ గుర్తులు, బుగ్గ లోపల తెల్ల గీత కూడా చాలాసార్లు ఉంటాయి. పెదాలు మూసి ఉన్నా పై, కింది పళ్ళ మధ్య 2 నుంచి 4 మి.మీ. ఖాళీ ఉండాలి. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి పిల్లలు ఆశ్చర్యపోతారు.

వైద్యం ఇక్కడి నుంచే మొదలవుతుంది. పుస్తకం అంచున, ఫోన్ వెనక చిన్న రంగు చుక్కలు అతికించుకోవాలి. చుక్క కనిపించినప్పుడల్లా పళ్ళు విడదీసి, నాలుక కొనను పై ముందు పళ్ళ వెనక అంగిలికి ఆనించాలి. రెండు వారాలు చెగోడీలు, జంతికలు, చెరుకు ముక్కలు, చూయింగ్ గమ్, పెన్ను మూత కొరకడం మానాలి. అన్నం పప్పు, ఇడ్లీ, ఉప్మా తినవచ్చు, జావ మీద ఉండనక్కర్లేదు. తడి వేడి గుడ్డ చెక్కిలి మీద 15, 20 నిమిషాలు పెట్టాలి. నాలుకను అంగిలి నుంచి కదల్చకుండా నోరు మెల్లగా తెరిచి మూయడం పూటకు 6 సార్లు, రోజుకు 6 పూటలు చేయాలి. నాలుక కిందికి వచ్చేస్తే కీలు ముందుకు జారుతుంది, వ్యాయామం వృథా. నొప్పి మాత్ర బరువును బట్టి కొద్దిరోజులే రాస్తాను. జ్వరం ఉంటే డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రోఫెన్ వద్దంటాను.

రాత్రి పళ్ళకు తొడుక్కునే పలక, నైట్ గార్డ్, అందరికీ ఇవ్వను. 2023లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజే ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాల నొప్పికి వ్యాయామాలను, ఆలోచనా తీరును సరిదిద్దే కౌన్సెలింగ్‌ను ముందు పెట్టి, అలాంటి పలకల్ని వెనక్కి నెట్టాయి. ఇవ్వాల్సి వస్తే అన్ని పళ్ళనూ కప్పే గట్టి పలకే ఇస్తాను, రాత్రికి మాత్రమే. ముందు పళ్ళకు మాత్రమే తగిలేవి వాడితే వెనక పళ్ళు పెరిగి నోరు మూసుకోవడమే మారిపోతుంది. ఎదిగే పిల్లల్లో కొత్త పళ్ళు వస్తుంటాయి కాబట్టి పలకను నెలనెలా సరిచూడాలి, బిగుతైతే కొత్తది చేయాలి. పళ్ళు అరగదీసి సరిచేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెబుతాను. అరిగిన పన్ను తిరిగి రాదు. ఆరు వారాల తర్వాత అదే స్కేలుతో కొలిచి, మొదటి రోజు రాసుకున్న మూడు అంకెల పక్కన కొత్తవి రాస్తాను. నోరు తెరవడం పెరగకుండా నొప్పీ అలాగే ఉంటేనే ఎమ్మారైకి, దవడ సర్జన్ సలహాకు పంపుతాను.