బ్యాడ్జీ అబద్ధమైనా పీకొద్దు

సీరియల్లో కనబడ్డ పాత కారుని బాగుచేయించేటప్పుడు అది ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో అలా చేయకూడదు, తెర మీద మనం ఎలా చూశామో అలా చేయాలి. పాత బ్రిటిష్ టీవీ సీరియళ్ళు, వాటిలో తిరిగిన కార్లు అంటే నాకు ప్రాణం కాబట్టి ఈ విషయంలో ఎవరితోనైనా గంటలకొద్దీ వాదిస్తాను.

1971లో మొదలైన 'ది పర్స్వేడర్స్' తీసుకోండి. టోనీ కర్టిస్‌ది ఎర్ర ఫెరారీ డీనో, రోజర్ మూర్‌ది పసుప్పచ్చ ఆస్టన్ మార్టిన్ డీబీఎస్. ఆ ఆస్టన్‌లో ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజనే, కానీ అప్పటికి కొత్తగా వచ్చిన వీ8 (ఎనిమిది సిలిండర్ల) మోడల్‌లా కనబడాలని దానికి వీ8 చక్రాలు వేసి, వీ8 బ్యాడ్జీ తగిలించారు. అంటే బండి మీద ఉన్న బ్యాడ్జీ అబద్ధం. మామూలు కార్ల పోటీలో జడ్జీలైతే వెంటనే మార్కులు కోసేస్తారు. కానీ ఆ బండికి అంత పేరు, 2014 వేలంలో ఐదు లక్షల పౌండ్లు దాటిన ధర వచ్చింది ఆ సీరియల్ వల్లే కదా, అలాంటప్పుడు ఆ బ్యాడ్జీ పీకేస్తే మిగిలేది ఏదో ఒక డీబీఎస్, అంతే.

మిస్టర్ బీన్ మినీ సంగతీ అంతే. మా కోనసీమలో జాగ్వార్ అంటే తెలియని పిల్లలకి కూడా ఆ పచ్చి నిమ్మకాయ రంగు మినీ తెలుసు. బ్రిటిష్ లేలాండ్ మినీ 1000 అది. నల్ల బానెట్, తలుపుకి బయట గొళ్ళెం, దానికి తాళంకప్ప. ఏ ఫ్యాక్టరీ తాళంకప్ప పెట్టి కారు అమ్మలేదు. అయినా ఎవరైనా 'ఒరిజినల్' పేరు చెప్పి ఆ గొళ్ళెం తీసేసి బానెట్‌కి కూడా ఆకుపచ్చ కొట్టారంటే బండిని పాడుచేసినట్టే.

'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్'లోని మూడు చక్రాల పసుపు వ్యాను ఇంకో రకం. రిలయంట్ రీగల్ సూపర్‌వ్యాన్ అది. బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి తేలిక, అప్పట్లో అక్కడ మోటార్‌సైకిల్ లైసెన్సుతోనే అలాంటివి నడపనిచ్చేవాళ్ళు. ఆ బాడీకి తుప్పు పట్టదు గానీ కింద బరువు మోసే చట్రం, అంటే ఛాసిస్, ఇనుమే, దాన్నైతే తుప్పు తింటుంది. ఆ వ్యానుకి అందం దాని మురికే. అద్దంలా పాలిష్ పెట్టి నిలబెట్టిన వ్యానుల ఫొటోలు చూస్తే నాకు బాధేస్తుంది, సందుల్లో సరుకు అమ్ముకునేవాళ్ళ బండి అలా మెరవకూడదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం 'ఇన్‌స్పెక్టర్ మోర్స్' అనే పోలీసు సీరియల్లోని జాగ్వార్. 1960 నాటి మార్క్ 2, ముదురెరుపు, పైన నల్లటి వినైల్ టాప్, నంబరు 248 ఆర్‌పీఏ. 1987 నుంచి 2000 దాకా వచ్చిన 33 ఎపిసోడ్లలో మోర్స్‌గా వేసిన జాన్ థా దాన్ని ఆక్స్‌ఫర్డ్ వీధుల్లో నడుపుతుంటే చూడాలి. కోలిన్ డెక్స్టర్ మొదట రాసిన నవలల్లో మోర్స్‌ది లాన్షియా కారు. సీరియల్ వచ్చాక ఆయన పుస్తకంలో కూడా జాగ్వార్‌గా మార్చేశాడు! రాసిన మనిషే తెరకి తలవంచాడంటే ఇంక మిగతావాళ్ళు ఫ్యాక్టరీ కాగితాలు పట్టుకుని వాదించడం ఎందుకు? సీరియల్ అయిపోయాక ఆ కారుని పూర్తిగా బాగుచేయించారు, 2005లో లక్ష పౌండ్లకు పైనే పలికింది.

ఆక్స్‌ఫర్డ్ అన్నాను కాబట్టి చెప్తున్నా, మన అంబాసిడర్ కూడా ఆ ఊరి సంతానమే. ఆక్స్‌ఫర్డ్ పక్క కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ని హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని, బెంగాల్లోని ఉత్తరపారాలో 2014 దాకా చేస్తూనే ఉంది. పైగా మోర్స్ జాగ్వార్‌కీ మన అంబాసిడర్‌కీ జబ్బు ఒకటే. రెండిటికీ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బలం. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, ఇక్కడ మనకి సముద్రం గాలే ఉప్పు. తుప్పు కింద నుంచి మొదలవుతుంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మా బాబాయి అంబాసిడర్ అమలాపురంలో కాలవగట్టు మీద షెడ్డులో ఉంది. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళకి కిరాయికి తిరిగిన బండి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. మొన్న వెళ్ళినప్పుడు టింకరింగ్ మేస్త్రి తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి రేకు మీద చిన్న సుత్తితో కొడుతూ వెనక్కి వస్తున్నాడు. ముందంతా ఖంగుమని పలికింది, వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి శబ్దం చచ్చిపోయింది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. గీకి చూస్తే వేలెడు మందాన పుట్టీ, దాని వెనకాల కుక్కిన గోనెపట్ట. ఇదివరకు ఎవరో చేసిన పని. "రేకు లేదండి, ఉత్త రంగే ఉంది, ఆయ్" అన్నాడు. బాడీ బరువు మోసే చోట గోనెపట్ట పెట్టి డబ్బు తీసుకున్నవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. కుళ్ళిన రేకంతా కోసి కొత్తది వెల్డింగ్ పెట్టాలి, అందులో వాదనే లేదు. తుప్పుని జ్ఞాపకం పేరుతో ఎవరూ దాచుకోరు.

వాదన వచ్చింది మిగతావాటి దగ్గర. మా తమ్ముళ్ళు అల్లాయ్ వీల్స్, మెటాలిక్ రంగు అంటారు, పైన క్యారియర్ పీకేద్దాం అంటారు. మేస్త్రి కంపెనీ తెలుపు, కంపెనీ సామాను అంటాడు. నేను మాత్రం పెళ్ళిళ్ళకి తిరిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలంటాను, ఎందుకంటే ఈ చుట్టుపక్కల ఎవరైనా దాన్ని గుర్తుపట్టేది అలా ఉంటేనే. అదే ఈ బండికి తెర.

బ్రిటిష్ వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. 'ది సెయింట్', 'ది పర్స్వేడర్స్' లాంటివి 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు, ఒక్క ఫ్రేము ఆపితే చాలు, సెయింట్ తెల్ల వోల్వో మీద ఎస్‌టీ 1 ప్లేటు దగ్గర్నుంచి అన్నీ స్పష్టంగా కనబడతాయి. (జాగ్వార్ వాళ్ళు కారు ఇవ్వడానికి ఒప్పుకోకపోతే ఆ అవకాశం వోల్వో పీ1800కి దక్కింది, తర్వాత సెయింట్‌గా వేసిన రోజర్ మూర్ తనకీ ఒకటి తీసుకున్నాడు.) మన అంబాసిడర్లకి ఉన్న రికార్డు ఒక్కటే, పెళ్ళి వీడియో.

అందుకని మా పెద్దత్త కూతురి పెళ్ళి క్యాసెట్టు వెతికించి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, షెడ్డులోనే మేస్త్రికి చూపించాం. పెళ్ళికూతురు కారు దిగే చోట ఆపాం. పైన క్యారియర్, దానికి కట్టిన అరటిపిలకలు, డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను, ముందు అద్దం పైభాగాన ఆకుపచ్చ పట్టీ, వెనక అద్దానికి కుచ్చుల కర్టెన్లు. మేస్త్రి దగ్గరికి జరిగి చూసి, క్యారియర్ కాళ్ళు ఎక్కడెక్కడ బిగించారో తన పలక మీద సుద్దతో గీసుకున్నాడు. ఆ తర్వాత కంపెనీ సామాను మాట ఎత్తలేదు. అల్లాయ్ వీల్స్ గొడవ కూడా అక్కడితో ఆగిపోయింది, తమ్ముళ్ళే ఇప్పుడు పాత వీల్‌కప్పుల కోసం తుక్కు కొట్లు గాలిస్తున్నారు.

కర్టెన్ల రంగు మాత్రం తేలలేదు. వీహెచ్‌ఎస్‌లో ఎరుపు పక్కకి కారినట్టు కనబడుతుంది, మెరూనో నారింజో చెప్పడం కష్టం. అవి కుట్టింది మా పిన్ని, మెరూనే అని ఖాయంగా చెప్తోంది, అందుకే గుడ్డ కొనే పని ఆవిడకే వదిలేశాం.