“ఒక్క ముక్కకేమీ కాదులే”

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు నాకు ఏడుపు రాలేదు. మనసు తేలికపడింది. నాలుగేళ్లుగా నన్ను పీడిస్తున్నదానికి ఒక పేరు దొరికింది: సీలియాక్ జబ్బు.

ఆ నాలుగేళ్లూ కడుపు ఉబ్బరం, విరేచనాలు, ఎంత పడుకున్నా తీరని నీరసం. ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా హిమోగ్లోబిన్ 8 దగ్గరే ఆగిపోయేది. టెన్షన్ తగ్గించుకోమని ఒక డాక్టరు, గ్యాస్ అని ఇంకో డాక్టరు చెప్పి పంపించారు. చివరికి ఒక డాక్టరమ్మ, “మాత్రలు వేసుకుంటున్నా రక్తం ఎందుకు పట్టడం లేదో చూద్దాం” అని టీటీజీ యాంటీబాడీ అనే రక్తపరీక్ష రాశారు. అది ఎక్కువగా రావడంతో ఎండోస్కోపీ చేసి చిన్నప్రేగు నుంచి ముక్క తీసి చూడాలన్నారు. అప్పటిదాకా గోధుమ మానొద్దని గట్టిగా చెప్పారు. ముందే మానేస్తే ప్రేగు కాస్త కోలుకుని పరీక్షలో జబ్బు కనబడకుండా పోవచ్చట. అనుమానం రాగానే తిండి మార్చేసేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల కోసమే ఈ మాట చెబుతున్నాను.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్తే, నా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే నా చిన్నప్రేగు గోడను దెబ్బతీస్తుంది. మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం. డాక్టరమ్మ ఇది చెప్పినప్పుడు ఇంతేనా అనుకున్నాను. మానేయడం నా చేతిలో పనే కదా!

నా ఒక్కదాని చేతిలో పని కాదని నెల తిరక్కుండానే తెలిసింది. ఆఫీసులో ఎవరి పుట్టినరోజయినా కేకు కోసి, “పోనీ పైన క్రీమ్ తిను” అనేవారు. ప్రేమతోనే అనేవారు. వద్దన్నాక వాళ్ల మొహం చిన్నబోయేది, నేను పక్కకి వెళ్లి నిలబడేదాన్ని. అమ్మ అయితే, “ఇన్నేళ్లు తిన్నావు, ఒక్క ముక్కకేమీ కాదులే” అనేది. నాకు ఆకలి కన్నా ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. నేను వంక పెడుతున్నానని ఇంట్లో అందరూ అనుకుంటున్నట్టు ఉండేది.

పైగా అన్నీ మానేసినా ఆరో వారంలో మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. డైటీషియన్ దగ్గర కూర్చుని ఏడ్చేశాను. ఆవిడ నేనేం తిన్నానని అడగలేదు. “మీ ఇంట్లో జల్లెడ ఎన్ని ఉన్నాయి?” అన్నారు.

ఒక్కటే ఉంది. ఆమె దగ్గరకు వచ్చే ఒక పెద్దావిడ, 11 ఏళ్లుగా ఇదే జబ్బుతో ఉన్నావిడ, నాకు తోడు వస్తానన్నారట. ఆ ఆదివారం మా ఇంటికొచ్చారు. టీ కూడా తాగకుండా నేరుగా వంటింట్లోకి నడిచారు. జల్లెడను కిటికీ దగ్గర వెలుగుకు ఎత్తి పట్టుకుని, “ఇలా రా అమ్మాయ్, అంచు చూడు” అన్నారు. వలకీ చట్రానికీ మధ్య సందులో తెల్లగా గోధుమ పిండి గట్టిపడి ఉంది. గోరుతో గీస్తే పొడిగా రాలింది. ఎన్ని వందల సార్లు కడిగానో ఆ జల్లెడను! తర్వాత చెక్క గరిటె, టోస్టర్, అందరి చెంచాలూ పడే జామ్ సీసా. అవన్నీ పక్కన పెట్టించి, నాకంటూ ఒక అర ఖాళీ చేయించారు. పైన ఉన్న అరే ఇచ్చారు, కింద ఉంటే పిండి రాలి పడుతుందని. వెళ్లేటప్పుడు, “నాకు మొదటి ఏడాది ఇవి చెప్పేవాళ్లు లేరు. ఏ పూటయినా ఫోన్ చెయ్యి” అన్నారు. చేశాను, రోజుకి రెండుసార్లు చేసిన వారాలున్నాయి. ఒక్కసారీ విసుక్కోలేదు. ఓట్స్‌లో గ్లూటెన్ లేదు కదా అని అడిగితే, పొలంలోనో మిల్లులోనో గోధుమ కలిసిపోతుందని, విడిగా పండించి పరీక్ష చేసినవి కూడా కొందరికి పడవని, డాక్టరు సరే అన్నాకే తినమని చెప్పారు. మాత్రల తయారీలో వాడే పిండిపదార్థం గోధుమదేమో ఫార్మసిస్టును అడగమన్నదీ ఆవిడే. పొట్లం మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉంటే చాలా దేశాల్లో కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదనే లెక్క అని కూడా ఆవిడ నోటే విన్నాను.

అమ్మ సంగతి మాత్రం ఆవిడ వల్ల కూడా కాలేదు. అందుకని తర్వాతిసారి డాక్టరమ్మకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అమ్మను వెంట తీసుకెళ్లాను. డాక్టరమ్మ కంప్యూటర్‌లో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న ప్రేగు గోడ టర్కీ టవల్ లాగా నూగుతో ఉంది. ఆ నూగే మనం తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకుంటుందట. నా ప్రేగు బొమ్మలో నూగు అరిగిపోయి బట్ట నున్నగా మిగిలింది. ఐరన్ ఎందుకు పట్టలేదో నాకూ అప్పుడే పూర్తిగా అర్థమైంది. గోధుమకీ ఈ జబ్బుకీ ఉన్న లంకె పట్టుకున్నది నెదర్లాండ్స్‌లో విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టరని, 1950లో తన పరిశోధన గ్రంథంలో రాశారని, అంతకుముందు ఎందరో పసిపిల్లలు కారణం తెలియకుండానే చనిపోయారని ఆమె చెప్పారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. నా ప్రేగు బొమ్మ మీద వేలు పెట్టి, “ఇది మళ్లీ మొలుస్తుందా?” అని అడిగింది.

మొలుస్తుంది, పెద్దవాళ్లకి ఏడాది, రెండేళ్లు కూడా పట్టొచ్చు అన్నారు. రక్తసంబంధీకులకి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి అమ్మకీ తమ్ముడికీ పరీక్ష చేయించాం, ఇద్దరికీ లేదు. నాకు మూడో నెలకి ఉబ్బరం తగ్గింది. పాలు కొన్నాళ్లు పడలేదు, తర్వాత పడ్డాయి. ఏడాదికి యాంటీబాడీలు మామూలు స్థాయికి వచ్చాయి, హిమోగ్లోబిన్ 12 దాటింది. మెట్లెక్కి ఆగకుండా తలుపు తాళం తీసిన రోజు నాకు బాగా గుర్తు.

మొన్న పిన్ని వాళ్లింట్లో అందరం కలుస్తున్నామని అమ్మ ఒక రోజు ముందే అక్కడికి వెళ్లింది. రాత్రి ఫోన్ చేసింది. “అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయే, ఉండు, కళ్లద్దాలు పెట్టుకోనీ” అని ఏదో డబ్బా వెనక రాసినదంతా కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి అడిగింది: “మాల్ట్ అని ఉంది. అంటే బార్లీయేనా?”

“సాధారణంగా బార్లీయే అమ్మా. అది వద్దు.”

“సరే, పక్కన పెట్టేశా. ఇంకో డబ్బా ఉంది, విను.”